గ్లోరీ రాయనన్న వాక్యం

గ్లోరీ మీద ఫిర్యాదు రాసినవాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మా ఊళ్లో సగం మంది ఆ చేతిరాతను చూసే మోసపోయారు. "చదువుకున్నోడు రాసిండు, ఉత్తగనే రాస్తడా" అన్నారు. ఆ కాగితంలో ఏముందో చదివినవాళ్లు తక్కువ. చదివి, ఇదేమిటని అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

నా పేరు భిక్షపతి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. బస్సులో అరిచీ అరిచీ అలవాటై ఇంట్లో కూడా గొంతు తగ్గదని మా ఆవిడ విసుక్కుంటుంది. రాతలో కూడా గొంతు పెరిగితే సర్దుకోండి. ఈ సంగతి మెల్లగా చెప్పడం నావల్ల కాదు.

ఇంకొక మాట. ఇందులో గజాలా అని రాసిన అమ్మాయి పేరు గజాలా కాదు. వాళ్ల నాయన పేరూ, ఆయన చేసే పనీ కూడా మార్చి రాశాను. ఊరి పేరు అసలే చెప్పను. కట్టంగూరుకూ నకిరేకల్‌కూ నడుమ హైవే దిగి లోపలికి వెళ్లే ఊళ్లలో ఒకటి అనుకోండి, చాలు. గ్లోరీ మాత్రం తన పేరు మార్చొద్దంది. "నేనేం తప్పు చేసిన కాకా, పేరు దాసుకునేటందుకు?" అంది. అయినా మార్చాను. ఆమె తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే పిల్ల తెలుస్తుంది. ఇట్లాంటి కేసుల్లో పిల్ల పేరు బయటపెట్టకూడదని చట్టం. ఆ చట్టాన్ని నేను మనసారా పాటిస్తాను. మిగతా చట్టాల సంగతే ఇక్కడ చెప్పబోయేది.

గ్లోరీ పుట్టింది మా ఊరి చర్చి వెనక వాడలో. నాయన ఇస్రాయేలు చిన్నప్పుడు జీతం ఉన్నాడు. అంటే ఏడాదికింత అని మాట్లాడుకుని, ఒక పెద్ద రైతు ఇంట్లో పశువుల వెంట బతికాడు. తల్లి జానమ్మ పత్తి చేలల్లో కూలీ. ఇద్దరికీ అక్షరం రాదు. బిడ్డను మాత్రం హాస్టల్లో వేసి చదివించారు. ఆ హాస్టల్లో ఉండగానే గ్లోరీ పెద్దమనిషి అయింది. ఏం జరుగుతోందో తెలియక, లోపల ఏదో తెగిపోయిందనుకుని, చచ్చిపోతానేమోనని ట్రంకుపెట్టె మీద బోర్లా పడి ఏడ్చిందట. తోటిపిల్లలు నవ్వారు. వార్డెను ఒక పాత బట్ట చేతిలో పెట్టి "ఎవరికీ చెప్పకు" అని పోయింది.

ఇది నాకు గ్లోరీయే చెప్పింది, నవ్వుకుంటూ. నాకు నవ్వు రాలేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. "ఎవరికీ చెప్పకు" అనే ఆ ఒక్క ముక్క తప్ప ఆడపిల్లలకు మనం నేర్పింది ఏముంది అని ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికి పోయి మా ఆవిడ మీద కేకలేశాను. "గిప్పుడు యాదికొచ్చిందా?" అని ఆమె నన్నే దులిపింది.

నకిరేకల్‌లో డిగ్రీ అయ్యాక గ్లోరీ దూరవిద్యలో గ్రంథాలయాల చదువు చదివింది. తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్లకు మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే ఔట్‌సోర్సింగ్ మీద కుదిరింది. పర్మినెంటు కాదు. ఏటేటా కాగితం పొడిగిస్తేనే ఉన్నట్టు.

అప్పటిదాకా ఆ గ్రంథాలయం మాది. మాది అంటే పని లేని మగవాళ్లది. పొద్దున్నే పోయి బెంచీ మీద కాళ్లు చాపుకుని పేపరు పంచుకునేవాళ్లం. నాలాంటి ముసలివాళ్లు పేపరే చదివేవారు. వయసులో ఉన్నవాళ్లు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని దాని వెనక ఫోన్లో ఏవేవో చూసేవారు. ఏం చూసేవారో మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సౌండు మాత్రం ఉండేది కాదు.

గ్లోరీ వచ్చిన రోజే నా బెంచీ దగ్గర నిలబడింది.

"కాకా, కాళ్లు కిందికి పెట్టు. బెంచీ కూసునేటందుకు."

"నా కాళ్లు నా ఇష్టం బిడ్డా."

"అయితే కాళ్లను ఇంటికాడ పెట్టి రా."

అందరూ నవ్వారు. నేను కాళ్లు దించాను. ఆ పిల్ల నాకు నచ్చింది.

వెనక ఒక గది ఉండేది. విరిగిన కుర్చీలు, పాత ఎన్నికల ఫ్లెక్సీలు, ఎలుకలు. గ్లోరీ, జానమ్మ కలిసి దాన్ని ఊడ్చి, కడిగి, గుమ్మానికి జానమ్మ పాత చీర పరదాగా కట్టారు. ఆ గది ఆడపిల్లలకు. హైస్కూల్లో బడి వదిలాక పక్క ఊళ్ల పిల్లలు ఆటో కోసం రోడ్డు మీద నిలబడేవారు. ఆ సమయం ఈ గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. ముందు హాల్లోంచి వెళ్లాలి కాబట్టి మొదట్లో తల వంచుకుని ఒకళ్ల వెనక ఒకళ్లు బిరబిరా పోయేవారు. కొన్నాళ్లకు తలెత్తి నడిచారు. లోపలి నుంచి నవ్వులు వినిపించేవి. మా కాటమయ్య పేపరు దించి, "గీ గ్రంథాలయంల నవ్వుడు గూడ ఉంటదా?" అనేవాడు.

పై నుంచి వచ్చిన పుస్తకాల కట్టలో ఆడపిల్లల ఆరోగ్యం మీద ఒక పుస్తకం వచ్చింది. డాక్టరమ్మలు కలిసి రాసింది. లోపల సర్కారు ముద్ర ఉంది. పెద్దమనిషి కావడం అంటే ఏమిటి, ఒళ్లు ఎట్లా మారుతుంది, ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చెయ్యాలి, అన్నీ బొమ్మలతో ఉన్నాయి. పిల్లలు ఎగబడి చదివారు. ఇంటికి కూడా తీసుకెళ్లారు. ఇక్కడే గ్లోరీ ఒక పని చేసింది. తప్పు అనను, కానీ ఆ పనే ఆమె మెడకు చుట్టుకుంది.

మా వైపు బళ్లు తెరవగానే ప్రతి ఇంట్లో పుస్తకాలకు అట్టలు వేస్తారు. పాత పేపరు, కత్తెర, అంటించడానికి ఇన్ని అన్నం మెతుకులు. గ్లోరీ కూడా ఇంటికి ఇచ్చే పుస్తకాలన్నిటికీ పేపరు అట్ట వేసేది. ఒంటిగది ఇళ్లల్లో పుస్తకం మీద నూనె పడుతుంది, పసుపు పడుతుంది. ఆ పుస్తకానికి ఇంకాస్త మందంగా వేసింది. స్కూలు పుస్తకాల నడుమ పెడితే ఎవరూ ఇదేమిటని అడగరు కదా, పిల్ల సిగ్గుపడకుండా చదువుకుంటుంది అనుకుంది.

నేను చూసి కూడా ఏమీ అనుకోలేదు. కానీ మా తరం మగవాళ్లకు అట్ట వేసి దాచిన పుస్తకం అంటే ఒక్కటే అర్థం. పాత బస్టాండ్లలో కొట్ల ముందు పిన్నులు కొట్టి వేలాడదీసేవారే, ఆ బూతు పుస్తకాలు. వాటిని కొనడం, ఒళ్లో పేపరు కప్పుకుని వెనక సీట్లో చదవడం, టికెట్ అంటే ఉలిక్కిపడటం, అన్నీ కండక్టరుగా చూసినవాణ్ణి.

గజాలా టెన్తు చదివేది. నాయన మెహమూద్‌కు హైవే పక్కన టైర్ల పంక్చరు దుకాణం. తల్లి కరోనాలో పోయింది. నాయనమ్మ ఖాదర్‌బీ పెంచుతోంది. మెహమూద్ రోజంతా లారీల కింద దూరి పనిచేసే మనిషి. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. బిడ్డను నర్సును చెయ్యాలని, దానికి లెక్కలు, సైన్సు గట్టిగా రావాలని ఎవరో చెబితే లింగస్వామి సారు దగ్గర ట్యూషన్ పెట్టించాడు.

లింగస్వామి, ఆ ముత్యాల చేతిరాత ఇతనిదే, మేడ మీద గదిలో ట్యూషన్ చెప్పేవాడు. ఊళ్లో ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా, బ్యాంకు నోటీసైనా, చదువు రానివాళ్లు పట్టుకుపోయేది అతని దగ్గరికే. విసుక్కోకుండా చదివి చెప్పేవాడు. "సారు చెప్పిండు" అంటే ఊళ్లో మరో మాట లేదు.

ఆ మేడ మీద గదిలో, మిగతా పిల్లలను ముందు పంపించేసి, అతను గజాలాను ఏం చేశాడో నేను రాయను. కోర్టులో ఉంది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. ట్యూషన్ ఉన్న రోజు కడుపు నొస్తోందనేది. ఖాదర్‌బీ వాము నీళ్లు ఇచ్చేది.

తర్వాత గజాలా ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. ఒక పేజీ దగ్గర మూల మడిచి పెట్టుకుంది. బహుశా ధైర్యం కూడగట్టుకుంటోంది. ఈలోపు ఖాదర్‌బీ బట్టలు సర్దుతూ సంచిలో ఆ పుస్తకం చూసింది. అట్ట తిప్పగానే ఆడపిల్ల ఒంటి బొమ్మ. ముసలావిడ వెంటనే మూసేసింది. కొడుకు రాగానే చేతిలో పెట్టింది.

మెహమూద్‌కు చదువు రాదు. ఇది మంచి పుస్తకమా, చెడ్డ పుస్తకమా ఎవరిని అడగాలి? ఊరంతా ఎవరిని అడుగుతుందో అతన్నే అడిగాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఆ పుస్తకం పట్టుకుని నేరుగా లింగస్వామి మేడ ఎక్కాడు.

లోకంలో ఎవరి చేతిలో పడకూడదో, సరిగ్గా ఆ చేతిలో పెట్టాడు, నమ్మకంతో పెట్టాడు.

లింగస్వామి అట్ట చూశాడు. మూల మడిచిన పేజీ తెరిచి చదివాడు. మూసేశాడు. మెహమూద్‌కు మంచినీళ్లు ఇప్పించాడు.

"మంచి పని చేసినవ్ మెహమూదన్నా, నా దగ్గరికి తెచ్చినవ్," అన్నాడు. "గిది పిల్లలను ఖరాబు చేసే పుస్తకం. గసొంటియి చదివిన పిల్లలు లేనిపోనివి ఊహించుకుంటరు. రేపు నీ బిడ్డ ఎవరి మీదనన్న ఏదన్న చెప్తది. నమ్మకు. నీ పరువే పోతది."

మెహమూద్ పుస్తకం అక్కడే వదిలి, అతనికి దండం పెట్టి వచ్చాడు. ఇంటికొచ్చి బిడ్డ మీద ఎన్నడూ లేనంతగా అరిచాడు. గ్రంథాలయం బంద్ అన్నాడు. బడి, ట్యూషన్, ఇల్లు, అంతే అన్నాడు.

మరునాడు గజాలా బడి నుంచి మధ్యలోనే గ్లోరీ దగ్గరికి వచ్చింది. పరదా వెనక కూర్చుని అంతా చెప్పింది. నేను ముందు హాల్లోనే ఉన్నాను. నాకేమీ తెలియదు. గ్లోరీ ఆ పిల్లను వెంటబెట్టుకుని బయటికి వెళ్లడం, కాసేపటికి ఒంటరిగా తిరిగి రావడం మాత్రం చూశాను. పిల్లను జానమ్మ దగ్గర కూర్చోబెట్టి వచ్చిందట. "సాయంత్రం నేను మీ ఇంటికొస్తా. అవ్వ ముంగట, నాయిన ముంగట కూసుందాం. నీకు నోరు రాకుంటే నేను చెప్త" అని మాటిచ్చిందట.

సాయంత్రం దాకా ఆగనిస్తే కదా. లింగస్వామి అప్పటికే ఫిర్యాదు రాసి పైకి పంపాడు. పుస్తకంలో బొమ్మలను ఫోటోలు తీసి, కింద ఉన్న అక్షరాలు కత్తిరించేసి, "మన గ్రంథాలయంలో ఆడపిల్లలకు ఏం నేర్పుతున్నారో చూడండి" అని ఊళ్లో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పెట్టాడు. మా ఊళ్లో మంచినీళ్ల బోరు చెడిపోయి మొత్తుకుంటే తొంగిచూసే దిక్కు లేదు. దీనికి మాత్రం భోజనాలు కాకముందే గ్రంథాలయాల ఆఫీసు జీపు వచ్చింది.

ఆఫీసరు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన లింగస్వామి, ముందు బల్ల మీద ఆ పుస్తకం. బాధిత తండ్రి అని మెహమూద్‌ను పిలిపించారు. దుకాణం నుంచి అట్లాగే వచ్చాడు, చేతులకు నల్లగా గ్రీజు. మేం బెంచీల మీద. మామూలుగా పేపరు కోసం కొట్టుకునేవాళ్లం, ఆ రోజు ఎవరూ పేపరు ముట్టలేదు.

ఆఫీసరు గొంతు సవరించుకుని చట్టం చెప్పాడు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చేతికి అశ్లీలమైనవి ఇవ్వకూడదు, ఇస్తే నేరం అన్నాడు. చట్టంతో నాకేం పేచీ లేదు. ఉండాల్సిందే. బస్టాండ్లలో పిన్ను కొట్టి అమ్మినవాళ్ల మీద ఒక్కనాడన్నా వాడి ఉంటే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి. చదువు కోసం, శాస్త్రం కోసం రాసినవి వేరు అని కూడా ఆ చట్టాల్లోనే ఉందట. అది ఆఫీసరు చెప్పలేదు. నాకు తర్వాత వకీలు చెప్పాడు.

"మంచి పుస్తకమైతే అట్టెందుకు ఏసినవ్?" అన్నాడు లింగస్వామి.

హాలంతా గ్లోరీ వైపు చూసింది. నిజం చెప్పాలంటే బెంచీల మీద సగం మందికి ఆ ఒక్క ప్రశ్నతోనే తీర్పు అయిపోయింది.

"అన్ని పుస్తకాలకు ఏస్త సార్," అంది గ్లోరీ.

"దీనికి మందంగ ఏసినవ్. దాసిపెట్టి ఇచ్చినవ్."

నాకు గ్లోరీ మీదే కోపం వచ్చింది. నోరున్న పిల్ల, నా కాళ్లు దింపించిన పిల్ల, ఇప్పుడెందుకు మాట్లాడదు అని. ఆమె బాధ నాకు తెలియదు. ఆ పుస్తకం ఎందుకు మంచిదో రుజువు చెయ్యాలంటే గజాలా సంగతి చెప్పాలి. ఇంతమంది మగవాళ్ల ముందు, పిల్ల తండ్రికి కూడా తెలియకముందు, ఎట్లా చెబుతుంది? చెప్పనంటే తిట్లు తినాలి. తిన్నది. "క్రిస్టియన్ల పిల్ల, అన్నీ తెలిసినయే" అని వెనక నుంచి ఒకడన్నాడు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆఫీసరు మరీ చెడ్డవాడేం కాదు. త్వరగా తేల్చుకుని పోవాలనుకునే రకం. "చూడమ్మా, స్టేట్‌మెంట్ రాసివ్వు, వార్నింగుతో వదిలేస్తాం," అన్నాడు. లింగస్వామి అప్పటికే తెల్ల కాగితం మీద రాసి ఉంచాడు. గ్లోరీ సంతకం పెట్టడమే తరువాయి. రెండు వాక్యాలు. పద్దెనిమిదేళ్ల లోపు బాలికలకు ఈ పుస్తకం ఇచ్చాను అనేది మొదటిది. దీన్ని చదివిన బాలికలు జరగనివి జరిగినట్టు ఊహించుకుని చెప్పే ప్రమాదం ఉందని ఒప్పుకుంటున్నాను అనేది రెండోది.

గ్లోరీ చదివింది. మళ్లీ చదివింది. లింగస్వామి మొహంలోకి చూసింది.

"మొదటిది రాస్త సార్. ఇచ్చిన మాట నిజం. నా చేతితోనే రాస్త," అంది ఆఫీసరుతో. "రెండోది రాయ."

"ఏముందమ్మా దాంట్లో, ఒక్క లైను."

"గా ఒక్క లైను రాయ సార్."

"నీ ఉద్యోగం సంగతి చూసుకో. పొడిగింపు నా చేతిలో ఉంది."

"ఎర్కే సార్. రాయ."

లింగస్వామి నవ్వాడు. "చూసిన్రా సార్, మొండితనం. తప్పు ఒప్పుకునే సంస్కారం గూడ లేదు," అన్నాడు.

ఆ రెండో వాక్యం కింద గ్లోరీ సంతకం పడి ఉంటే గజాలా మాట ఎప్పటికీ చెల్లేది కాదు. ఏం చెప్పినా, ఇదిగో, పుస్తకం ఇచ్చినావిడే ఒప్పుకుంది, ఇదంతా పిల్ల ఊహ అని చూపించేవాడు. పిల్లలను కాపాడే చట్టం పేరు చెప్పి పిల్ల నోటికి తాళం వేయాలని కూర్చున్నాడు వాడు. తాళం వేసే పని గ్లోరీ చేతితోనే చేయించాలని చూశాడు.

"సార్, మీరు ఈ పుస్తకం చదివిన్రా?" అంది గ్లోరీ.

"చదవాల్సిన అవసరమేముంది? బొమ్మలు చూస్తే తెలుస్తలేదా?"

గ్లోరీ బెంచీల వైపు తిరిగింది. "ఈ హాల్ల పద్దెనిమిది నిండనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"నాకు మొన్ననే నిండినయ్ బిడ్డా," అన్నాడు కాటమయ్య, ఊడిన పళ్లతో. కొందరు నవ్వారు.

"అయితే మీకు చదివి వినిపించొచ్చు. చట్టం అడ్డం లేదు," అని పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఇంతమంది మగోళ్ల ముంగట సిగ్గు లేదా?" అని లింగస్వామి లేచాడు.

నాకు అప్పుడు గొంతు లేచింది. బస్సు గొంతు. "కూసో సారూ. చదవనియ్," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అతను అంత తొందరగా లేవడం నచ్చలేదు.

గ్లోరీ మూల మడిచిన పేజీ తెరిచి చదివింది.

"నిన్ను బాధపెట్టేవాడు కొత్తవాడే కానక్కరలేదు. మీ ఇంటికి వచ్చిపోయేవాడు కావచ్చు. నీకు చదువు చెప్పేవాడు కావచ్చు. మీ అమ్మానాన్నలు గౌరవించే మనిషి కావచ్చు. ఎవరికీ చెప్పవద్దంటాడు. చెప్పినా ఎవరూ నమ్మరంటాడు. నువ్వు చెప్పకముందే నీ మాట నమ్మవద్దని నీ వాళ్లతో చెప్పి ఉంచుతాడు. అయినా చెప్పు. ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పు. తప్పు నీది కాదు."

కింద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ఉంది. అదీ చదివింది. పుస్తకం మూసింది.

ఆ పుస్తకంలో బూతు ఎక్కడుందా అని చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లంతా నేల చూపులు చూశారు. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మెహమూద్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను చురుకైన మనిషి కాదు, ఏదైనా మెల్లగా అర్థం చేసుకుంటాడు. చివరికి లింగస్వామినే చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, ఒక్క మాట. నా బిడ్డ ఎవరి మీదనన్న ఏదన్న చెప్తది, నమ్మకు అని నిన్న మీరే అన్నరు. నా బిడ్డ నాకు ఇంకేం చెప్పలే. చెప్తదని మీకెట్ల ఎర్కయింది సార్?"

లింగస్వామి ఆఫీసరు వైపు చూశాడు. "అది... మామూలుగ అన్న," అన్నాడు.

"ట్యూషన్ ఉన్ననాడే కడుపు నొస్తదంటది సార్ నా బిడ్డ. ఎందుకంటది?"

లింగస్వామి ఫోను తీసి చెవికి పెట్టుకుని, అది మోగకుండానే "ఆ, వస్తున్న" అంటూ మెట్లు దిగి పోయాడు. ఆఫీసరు "వ్యక్తిగత విషయాలు ఇక్కడ వద్దు" అని కాగితాలు సర్దుకున్నాడు. గ్లోరీ మెహమూద్ దగ్గరికి వచ్చి, మెల్లగా, "అన్నా, బిడ్డ మా అమ్మ దగ్గరుంది. పోదాం పా," అంది. ఆయన ఆమె వెనక నడిచాడు. చేతుల గ్రీజు చొక్కాకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే ఠాణాకు వెళ్లారు. గజాలా, ఖాదర్‌బీ, మెహమూద్, గ్లోరీ. కేసు అయింది. లింగస్వామిని తీసుకుపోయారు, తర్వాత బెయిలు మీద వచ్చాడు. మరో ఇద్దరు పిల్లల తండ్రులు కూడా ఠాణా మెట్లు ఎక్కారని విన్నాను. వాళ్ల సంగతి రాయను.

ఇక్కడితో న్యాయం జరిగింది అనుకుంటున్నారేమో. వినండి. గ్లోరీకి పొడిగింపు ఇవ్వలేదు. అనుమతి లేకుండా గది నడిపింది, మైనర్లకు విచక్షణ లేకుండా పుస్తకాలు ఇచ్చింది అని కారణం చూపారు. ఆ గదికి తాళం వేశారు. సర్కారు ముద్ర ఉన్న ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి, "పద్దెనిమిది నిండినవారికి మాత్రమే" అని చీటీ అతికించారు. ఏ పిల్లల కోసం రాశారో ఆ పిల్లలకు తప్ప అందరికీ ఇస్తారన్నమాట.

మరి ఆ బొమ్మలను కత్తిరించి ఊరందరి ఫోన్లకూ పంపినవాడో? పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లకు కూడా వెళ్లాయి కదా. దాని మీద ఎవరూ ఒక్క కాగితం రాయలేదు. నేను ఆఫీసుకు పోయి అడిగాను. "అది మా పరిధి కాదు" అన్నారు. పరిధి అనే మాట కనిపెట్టినవాడు ఎవడో గానీ, వాడు సర్కారు నౌకరే అయ్యుంటాడు.

ఇప్పుడు గ్లోరీ నార్కట్‌పల్లిలో ఒక జిరాక్సు దుకాణంలో పనిచేస్తోంది. మొన్న మెహమూద్ నా దగ్గరికి వచ్చాడు. "కాకా, గా పుస్తకం మొత్తం వినాలె. తల్లి లేని పిల్ల. నాకు తెల్వకుంటే ఎట్ల?" అన్నాడు. నేను పోయి నా వయసు చూపించి నా పేరు మీద పుస్తకం తీసుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక గ్లోరీ వచ్చింది. పంక్చరు దుకాణం ముందు బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చదివింది. మెహమూద్ పాత టైరు మీద కూర్చుని, బడిలో పిల్లాడిలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు. సిగ్గుపడే చోట తల వంచుకున్నాడు గానీ ఆపమనలేదు.

తప్పు నీది కాదు అనే దగ్గర చెయ్యి ఎత్తాడు.

"గది నా బిడ్డకు రాసిండ్రు, మంచిగ రాసిండ్రు," అన్నాడు. "గా పుస్తకాన్ని తీస్కపోయి వాని చేతులనే పెట్టొచ్చిన తండ్రికి ఏం రాసిండ్రు? చూడు చెల్లె."

గ్లోరీ పేజీలు తిప్పింది. చివరిదాకా తిప్పింది. నేను కూడా తీసుకుని చూశాను.

"నాయినలకు ఏం రాయలేదన్నా," అంది.

"రాయాలె చెల్లె," అన్నాడు మెహమూద్. "నాకు చదువు రాకున్నా, ఎవలన్న చదివి చెప్పేటోళ్లు."